వస్తావా అని నాన్న అడిగితే

పోయిన నెల మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పడింది. టెక్సాస్‌లో ఉండే మా మేనల్లుడు, వాడి పక్కన పదకొండేళ్ల కూతురు, ఇద్దరి ముందూ గడ్డిలో పడి ఉన్న చుక్కల దుప్పి. పిల్ల దాని కొమ్ముల్ని రెండు చేతుల్తో పట్టుకుని తల పైకెత్తి చూపిస్తోంది. కింద వాడు రాసిన మాట: "మా అమ్మాయి మొదటి వేట."

ఐదు నిమిషాల్లో గ్రూపంతా లేచి కూర్చుంది. వాడి తల్లి, అంటే మా అప్ప, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. ఆ దండం దేవుడికో, దుప్పికో, మాకో తెలీలేదు. ఒక పిన్ని "పాపం రా, మూగజీవం" అంది. మెత్తటి ముక్కలు అయిపోతాయని ప్రతి ఆదివారం పొద్దున్న ఆరింటికల్లా మాంసం కొట్టు దగ్గర నిలబడే మనిషి ఆవిడ. ఒక బావ "కూర ఎలా కుదిరింది?" అన్నాడు. ఇంకెవరో "ఇక్కడైతే ఈపాటికి ఫారెస్టు వాళ్ల జీపులో ఉండేవాడివి" అన్నారు. నేను మూడుసార్లు ఏదో టైపు చేసి చెరిపేశాను.

ఎందుకంటే ఆ ఫొటోలో పిల్ల నిలబడ్డ చోట నేనూ ఒకసారి నిలబడ్డాను. 1983లో, ఐదో తరగతి చదువుతుండగా, అప్పటి మా విజయనగరం జిల్లాలోని పాచిపెంట కొండల్లో. అప్పుడు ఫొటో తియ్యడానికి మా దగ్గర కెమెరా లేదు. ఉన్నా తీసేవారు కాదు, అది దొంగ వేట.

వేట మంచిదా చెడ్డదా అని తేల్చడానికి ఇది రాయడం లేదు. ఆ గొడవలో ఎవరి పక్షం వాళ్లు ఎప్పుడో తీసేసుకున్నారు. నన్ను నెల రోజులుగా తిననివ్వని సంగతి వేరే ఉంది. వేటకి వస్తావా అని కన్నవాళ్లు అడిగినప్పుడు పిల్లలు సరేనంటారు. ఆ సరే దేనికి? నాకు తెలిసినంతలో ఎక్కువసార్లు అది వేటకి కాదు, అడిగిన మనిషికి. ఆ తేడా అడిగిన మనిషికి తెలీదు. తెలుసుకోవాలని కూడా ఉండదు.

ముందు వాడి వాదన

గ్రూపులో అనలేనిది ఫోన్‌లో అడిగాను. వాడు తయారుగానే ఉన్నాడు, అప్పటికే వాళ్లమ్మ దగ్గర అరగంట క్లాసు విని ఉన్నాడు కాబట్టి.

"మావయ్యా, ఇది మన దుప్పే. ఇక్కడిది కాదు" అని మొదలుపెట్టాడు. నిజమే. మన చుక్కల దుప్పిని 1932లో టెక్సాస్‌కి తీసుకెళ్లారు. అంతకుముందే, 1868లో, హవాయి రాజుకి కానుకగా పంపినవి అక్కడి దీవుల్లో పెరిగి పెద్ద తలనొప్పి అయ్యాయి. టెక్సాస్‌లోనూ అంతే, కంచెలు దాటి బయటపడి అక్కడి సొంత జింకల మేత తినేస్తున్నాయి. అందుకని అక్కడి ప్రభుత్వం దీన్ని పరాయి జంతువు కింద రాసింది. అక్కడి సొంతదైన తెల్లతోక జింకకైతే వేట కాలం అంటూ ఉంటుంది, మనిషికి ఇన్నే అని లెక్క ఉంటుంది. మన దుప్పికి ఆ రెండూ లేవు. లైసెన్సు ఉండి, భూమి గలవాడు ఒప్పుకుంటే సంవత్సరం పొడుగునా కొట్టొచ్చు. ఇక్కడ చంపితే కేసు, అక్కడ చంపితే సేవ. అదే జంతువు, అవే చుక్కలు.

పిల్లకి తుపాకి ఊరికే ఇవ్వలేదట. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వేటగాళ్లు ఎవరైనా అక్కడ శిక్షణ తీసుకోవాలి. తొమ్మిదేళ్లు నిండితే సర్టిఫికెట్ ఇస్తారు. ఈ పిల్ల కూర్చుని చదివి, పరీక్ష రాసి పాసయింది. తర్వాత వాడు చెప్పిన మాట నన్ను కాసేపు ఆపింది. "నాలుగు గంటలు మాటాపలుకూ లేకుండా నా పక్కన కూర్చుంది మావయ్యా. ఒక్కసారి ఫోన్ అడగలేదు. నా పెళ్లయ్యాక నా పక్కన అంతసేపు ఎవరూ కూర్చోలేదు."

డబ్బు లెక్క కూడా చెప్పాడు. అక్కడ వేట తుపాకుల మీదా తూటాల మీదా 11 శాతం పన్ను ఉంది. 1937 నాటి చట్టం ప్రకారం ఆ సొమ్ము రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకి వెళ్తుంది. 1900 నాటికి దేశం మొత్తం మీద ఐదు లక్షలకి పడిపోయిన తెల్లతోక జింకలు ఇప్పుడు మూడు కోట్ల దాకా ఉన్నాయి. తోడేళ్లూ కొండసింహాలూ చాలాచోట్ల లేకుండా పోయాయి కాబట్టి ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి అంటాడు.

ఈ లెక్కలన్నీ నేను ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక కూడా ఒకటి మిగిలిపోతోంది. జింకలు ఎక్కువయ్యాయి, పన్ను వస్తోంది, పులి పని మనిషి చెయ్యాలి. సరే, ఆ మనిషి పదకొండేళ్ల మనిషి ఎందుకవ్వాలి? విస్కాన్సిన్‌లో పెద్దలు పక్కనుంటే పదేళ్ల పిల్లలు వేటాడొచ్చని ఉండేది. 2017లో ఆ పదేళ్లూ తీసేశారు, ఇప్పుడు వయసే లేదు. పెన్సిల్వేనియాలో 2019కి ముందు దాకా జింకల వేట సోమవారం మొదలయ్యేది, ఆ రోజు చాలా బడులకి సెలవు ఇచ్చే అలవాటు తరతరాలుగా ఉండేది. వేటగాళ్లు మాత్రం కొన్ని దశాబ్దాలుగా తగ్గిపోతున్నారు. లైసెన్సు కొనేవాడు లేకపోతే శాఖకి డబ్బు లేదు. అందుకే పిల్లలకని ప్రత్యేకంగా వేట రోజులు పెడుతున్నారు. ఇదంతా వింటే నాకు మన కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు గుర్తొచ్చారు. పదో తరగతి పరీక్షలు అవ్వకముందే ఇంటికొచ్చి, "బాబుకి ఇంట్రెస్ట్ ఉంది సార్, కళ్లలోనే తెలుస్తోంది" అంటారు చూడండి, వాళ్లు.

పాచిపెంట రాత్రి

మా నాన్న సాలూరు దగ్గర ఒక ఊళ్లో బడిపంతులు. ఐదో తరగతి ఆయన దగ్గరే చదివాను. బడిలో ఆయన్ని మాస్టారూ అని పిలవాలని రూలు. ఇంటికొచ్చాక నాన్నా అని పిలవొచ్చు, కానీ మనిషి మాత్రం మాస్టారుగానే ఉండేవాడు. కొట్టేవాడు కాదు. మాట్లాడేవాడు కాదు. అంతే.

ఆయనకి సాలూరులో లారీ బాడీలు కట్టే మేస్త్రి ఒకాయన స్నేహితుడు. సంక్రాంతి వెళ్లిన వారం అనుకుంటాను, ఆయన మా ఇంటి అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. నాన్న నా వైపు తిరిగి "వస్తావా?" అన్నాడు.

అంతవరకూ నన్ను ఆయన "రా" అన్నాడు, "పో" అన్నాడు, "కూర్చో" అన్నాడు. "వస్తావా" అని నా ఇష్టం అడగడం అదే మొదలు. ఎక్కడికో కూడా తెలీదు నాకు. వస్తానన్నాను.

కోరాపుట్ వైపు వెళ్లే లారీ ఎక్కి, ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర దిగాం. కొండ మీద ఊరి పెద్దాయన ఒకాయన అక్కడ మా కోసం కాచుకుని ఉన్నాడు, భుజాన నాటు తుపాకి. మందు కూరి, సీసపు గుళ్లు వేసి, పుల్లతో దట్టించేది. మేస్త్రి నుదుటికి టార్చి లైటు కట్టుకున్నాడు, దాని బ్యాటరీ నడుముకి. నా చేతికి మంచినీళ్ల డబ్బా ఇచ్చారు.

నడక మాత్రం ఈనాటికీ మర్చిపోలేదు. ముందు వాళ్లిద్దరూ, వెనక నాన్నా నేనూ. చలి. నాన్న గుసగుసగా మాట్లాడడం మొదలుపెట్టాడు. ఇది ఇప్ప, ఇది జీలుగు, దీని కల్లు తాటికల్లు కంటే తియ్యన. ఈ తీగ ఆకులే అడ్డాకులు, మనం పెళ్లిళ్లలో తినే విస్తర్లు వీటివే. చెట్లు లేని చోటికి వచ్చాక పైకి చూపించి, అదిగో గొల్లకావడి, అదిగో పిల్లలకోడి అన్నాడు. గొల్లకావడిలో నక్షత్రాలు మూడే అని నేను, చుట్టూ ఉన్నవి కూడా లెక్కే అని ఆయన. అంత చిన్న గొంతుతో ఆయన అంతసేపు మాట్లాడగలడని నాకు తెలీదు. ఆ ఒక్క రాత్రి నాతో అన్న మాటలు ఆ సంవత్సరమంతా అన్నవాటి కంటే ఎక్కువ. నిజానికి నాకు అప్పటికి వేట సంగతే గుర్తు లేదు.

తర్వాత మేస్త్రి లైటు ఒక పొద మీద ఆగింది. పొదలో రెండు కళ్లు, వెలిగించిన బీడీల్లా. ఏదో మొరిగింది, అచ్చం కుక్కలాగే. అడవిలోకి కుక్క ఎలా వచ్చిందా అనుకున్నాను. కొండగొర్రె అన్నాడు నాన్న. బెదిరితే అలా మొరిగే చిన్న జింక అది. తుపాకి పేలింది. పొగ. మొరుగుడు ఆగలేదు, గొంతు మాత్రం మారింది. పెద్దాయన కత్తి తీసుకుని పొదలోకి వెళ్లాడు. అప్పుడు ఆగింది.

నేను నాన్న వైపు చూశాను. ఆయన అటు చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు. బోర్డు మీద లెక్క చేసి చాక్‌పీసు కింద పెట్టాక పిల్లాడు ఆయన మొహం కేసి చూస్తాడే, అలా ఆయన నా మొహం కేసి చూస్తున్నాడు. నేను నవ్వాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు.

నా వాదన మొత్తం ఆ నవ్వు దగ్గర ఉంది. నేను సంతోషపడి నవ్వలేదు, భయపడీ నవ్వలేదు. ఆ చెయ్యి ఎక్కడ తీసేస్తాడోనని నవ్వాను. పదేళ్లవాడికి ఇంత తెలుస్తుందా అంటారేమో. మాటల్లో పెట్టడం తెలీదు గానీ బేరం మాత్రం తెలుస్తుంది.

మాంసం నాలుగు వాటాలు వేసి అడ్డాకుల్లో కట్టారు. నాకూ ఒక చిన్న పొట్లం ఇచ్చాడు పెద్దాయన, వేటకొచ్చినవాడికి వాటా ఇవ్వకపోతే తప్పట. అమ్మ ఇంట్లో పొయ్యి మీద వండనని పెరట్లో మూడు రాళ్లు పెట్టి వండింది. కూర బాగుంది. బాగాలేదని, గొంతు దిగలేదని రాస్తే ఈ వ్యాసానికి అందంగా ఉండేది గానీ, రెండోసారి వేయించుకున్నాను.

వన్యప్రాణుల రక్షణ చట్టం అప్పటికే ఉంది, 1972ది. కాగితం మీద 1991 దాకా కొన్ని జంతువులకి లైసెన్సు మీద వేటాడే వీలు కూడా ఉండేది. మావాళ్లకి అదేమీ లేదు. పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి చట్టం తప్పాడు. దాన్ని సమర్థించను. ఇప్పుడా కొండలు మా జిల్లాలో కూడా లేవు, 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయాయి.

అన్నిటికీ అంతే కదా

ఇదే మాట మేనల్లుడితో అంటే వాడు ఊరుకోలేదు. "అలా అయితే పిల్లలు చేసేవన్నీ అమ్మానాన్నల కోసమే కదా. గుండు చేయించినప్పుడు అడిగారా? కోచింగ్‌లో వేసినప్పుడు అడిగారా? అప్పుడు లేని బాధ తుపాకి దగ్గరే ఎందుకు?"

గట్టి మాట. మా విజయనగరంలో దీనికి ఉదాహరణలు వీధికొకటి. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు కదా, ఇక్కడ వయొలిన్ పెట్టె మొయ్యని బాల్యం ఉన్నవాళ్లు తక్కువ. మా పక్కింటాయన కొడుకు ఏడేళ్లు నేర్చుకున్నాడు. ఉద్యోగం వచ్చి ఊరు వదిలిన రోజున పెట్టెని బీరువా మీద పెట్టాడు, మళ్లీ దించలేదు. "నాకెప్పుడూ ఇష్టం లేదు బాబాయ్, నాన్న వినడానికి కూర్చునేవారు కదా అని వాయించేవాణ్ణి" అన్నాడొకసారి నాతో. నా నవ్వు లాంటిదే ఆ వయొలిన్ కూడా. కాకపోతే ఒక తేడా, దాన్ని బీరువా మీద పెట్టెయ్యొచ్చు. కొండగొర్రె గొంతు మారిన ఆ క్షణాన్ని ఎక్కడ పెట్టను? నాన్నని సంతోషపెట్టడానికి పిల్లాడు చెల్లించే ధర ఏడేళ్ల సాయంత్రాలైతే అది వాడిది. ఇంకో ప్రాణమైతే, అది చెల్లించే హక్కు వాడికీ లేదు, వాడి చేత చెల్లింపించే హక్కు నాన్నకీ లేదు.

ఇది రాసేశాక మళ్లీ అనుమానం. మరి కోడి సంగతేంటి?

మా నాన్నమ్మ కోడిని కోసేటప్పుడు కాళ్లు పట్టుకోమని నన్నే పిలిచేది. "గట్టిగా పట్టుకోరా గుంటడా" అని. అప్పుడు నవ్వలేదు, ఏడవలేదు. పని కాబట్టి పట్టుకున్నాను. నా మొహంలో ఏముందో నాన్నమ్మ చూడలేదు కూడా, ఆవిడకి కూర తొందర. బహుశా తేడా అక్కడే ఉందేమో. నాన్నమ్మకి కావలసింది కోడి, నాన్నకి కావలసింది నేను.

మా అబ్బాయినైతే ఆ రెంటికీ దూరంగా పెంచాను. చిన్నప్పుడు ఆదివారం చికెన్ షాపుకి నాతో వచ్చేవాడు, డ్రమ్ములో కోడి కొట్టుకునే చప్పుడు వినపడకుండా స్కూటర్ దగ్గరే నిలబడేవాడు. నేను వద్దనేవాణ్ణి కాదు. మేనల్లుడు దీన్నే పట్టుకున్నాడు. "మా అమ్మాయికి తను తినేది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. మీవాడికి తెలుసా?" తెలీదు. ఆ పాయింటు వాడిదే, తీసుకోమన్నాను.

మన మాటలోనే ఈ దాపరికం ఉంది. మేకమాంసాన్ని మనం వేటమాంసం అంటాం. అమ్మవారి పండక్కి కొట్టే పోతు వేట. కట్టేసి ఉన్నదాన్ని, మెడలో దండ వేసినదాన్ని, ఎవడూ వెంటపడనిదాన్ని వేట అంటున్నాం. నిజంగా వెంటపడినవాణ్ణి మాత్రం "పాపం రా" అంటున్నాం. మా పిన్ని సంగతే చెబుతున్నాను.

వేట బతుకైన చోట

మా జిల్లాలో వేట అనే మాట రోజూ వినపడేది సముద్రం ఒడ్డున. చేపలకి వెళ్లడాన్నే వాళ్లు వేట అంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. నాలుగేళ్ల కిందట ఆ నిషేధం రోజుల్లోనే చింతపల్లి ఒడ్డుకి వెళ్లాను. వల బాగుచేసుకుంటున్న ఒకాయన పక్కన కూర్చుని, మాటల్లో, మీ అబ్బాయిని కూడా తీసుకెళ్తారా అని అడిగాను. ఆయన దారం కొరికి ఉమ్మేసి అన్నాడు: "నా కొడుకు ఏటకి రాకూడదనే గదా బాబూ నానీ ఏటకి ఎల్తన్నాను."

ఆ కుర్రాడు విశాఖలో పాలిటెక్నిక్ చదువుతున్నాడట. ఇక్కడ సరిపడా చేప దొరక్క గుజరాత్ బోట్ల మీద పనికి పోయి, 2018లో పాకిస్తాన్‌కి పట్టుబడి, 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేకపోయిన మన మత్స్యకారుల సంగతి అందరికీ తెలిసిందే. వేటే బతుకైనవాడు కొడుకుని దానికి దూరంగా తోస్తున్నాడు. వేట సరదా అయినవాడు కూతుర్ని దగ్గరికి లాక్కుంటున్నాడు. మేనల్లుడికి ఇది చెప్పలేదు, మరీ కుళ్లుబోతు మాటలా ఉంటుందని.

కొండ మీద సంగతి వేరు. పాడేరు, అరకు వైపు చైత్రంలో ఇటికల పండగ చేస్తారు. మగవాళ్లు గుంపుగా వేటకి పోతారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా గెడలు పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర డబ్బులు వసూలు చేస్తారు, ఉత్త చేతుల్తో తిరిగొచ్చిన మగవాళ్లని ఆటపట్టిస్తారు. ఆ గుంపులో పిల్లలూ ఉంటారు. వాళ్లని నేను ఈ వాదనలోకి లాగను. అక్కడ పిల్లాడు వెళ్లేది ఒక్క నాన్న వెంట కాదు, ఊరి వెంట. ఒకడు నవ్వకపోయినా గుంపులో కలిసిపోతుంది, వాడి మొహం కేసే చూస్తూ కూర్చునేవాడు ఎవరూ ఉండరు. అక్కడి పిల్లలకి ఎలా ఉంటుందో వాళ్లే చెప్పాలి, రోడ్డు మీద పది రూపాయలు ఇచ్చి కారెక్కిన నేను కాదు.

ఇంకో మాట, అప్రస్తుతమైతే వదిలెయ్యండి. మన కథల్లో వేటకి పడ్డ శాపాలు గుర్తుచేసుకుంటే, నాకు ముందు తట్టే రెండూ తండ్రీ పిల్లల మధ్యే పడ్డాయి. చప్పుడు విని బాణమేసిన దశరథుడికి పుత్రశోకంతో పోతావని శాపం. జింక రూపంలో ఉన్న మునిని కొట్టిన పాండురాజుకి భార్యని ముట్టుకుంటే చావని శాపం, అంటే సొంతంగా పిల్లల్ని కనే దారే లేకుండా పోయింది. రాజ్యం పోవాలనో, కళ్లు పోవాలనో శపించొచ్చు. పెద్దవాళ్లు తడిమి తడిమి అక్కడే ఎందుకు పెట్టారో.

తుపాకి లేని ప్రయాణం

నా వాదనలో పెద్ద చిల్లు ఉంది, అది నేనే చూపిస్తాను. వేట తీసేసి మిగతాదంతా ఉంచొచ్చు కదా, పిల్లల్ని అడవికి ఊరికే తీసుకెళ్లొచ్చు కదా అనుకున్నాను ఒకప్పుడు. మా అబ్బాయికి తొమ్మిదేళ్లున్నప్పుడు టెక్కలి దగ్గర తేలినీలాపురం తీసుకెళ్లాను. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ ఊరి మధ్య చింతచెట్ల మీద పిల్లల్ని పెడతాయి. అవి వస్తేనే ఊరికి మంచిదని ఊరివాళ్లు వాటి మీద రాయి వెయ్యనివ్వరు. చెట్టు కింద నిలబడి నేను చెప్పుకుపోతున్నాను. మావాడు పది నిమిషాలు చూశాడు. "ఇంకేం చేస్తాయి నాన్నా?" అన్నాడు. ఏం చెయ్యవురా, అంతే అన్నాను. "మరి వెళ్దామా?"

నాలుగు గంటలు మాటాపలుకూ లేకుండా కూర్చున్న పిల్ల అప్పుడు గుర్తుకు రాలేదు గానీ, ఇప్పుడొస్తోంది. చూడటానికి వెళ్తే పది నిమిషాలు, చంపడానికి వెళ్తే నాలుగు గంటలు. ఆ నిశ్శబ్దం, ఆకు కదిలితే చెవులు నిక్కబొడుచుకునే ఆ శ్రద్ధ తుపాకి లేకపోతే వస్తాయా? నాన్న ఆ రాత్రి చెట్ల పేర్లూ చుక్కల పేర్లూ చెప్పింది కూడా, చివర్లో ఏదో జరగబోతోందన్న ఊపులోనే. కొండగొర్రె లేకపోతే ఆయన నన్ను ఆ కొండ ఎక్కించేవాడే కాదు. ఇది నాకు మింగుడుపడదు, అయినా నిజం.

పైగా ఇప్పుడు ఆ కొండల్లో చూడటానికైనా ఏముంది? 2022లో ఒక పులి కాకినాడ వైపు నుంచి నడుచుకుంటూ అనకాపల్లి దాటి మా జిల్లాలోకి వచ్చినప్పుడు, దారి పొడుగునా ఆవుల్నీ గేదెల్నీ కొట్టింది. మేస్త్రిగారి అబ్బాయి, ఇప్పుడు అరవై దగ్గర పడ్డాయి, టీవీలో అది చూస్తూ "దుప్పి దొరికితే దానికి ఆవెందుకు? మనమే తినేశాం దాని వాటా" అన్నాడు. ఉద్దానంలో జీడితోటలకి వెళ్లే పిల్లలకి అడవి జంతువంటే ఎలుగుబంటి భయం. కురుపాం, కొమరాడ వైపు ఏనుగుల భయం. భయపెట్టనివి ఎక్కడా కనపడవు.

మొన్న ఆదివారం వీడియో కాల్ చేసినప్పుడు, వాడు ఫోన్ కూతురికిచ్చి పక్కకి వెళ్లాడు. ఇదే అదను అనుకుని, నా సిద్ధాంతం జేబులో పెట్టుకుని అడిగాను: "నాన్న అడిగారని వెళ్లావా తల్లీ, నీకే వెళ్లాలనిపించిందా?"

పిల్ల కాసేపు ఆలోచించింది. "నాన్న బాగా కదులుతారు తాతయ్యా. కుర్చీ కిర్రు కిర్రు అంటుంది. రెండు డీర్ పారిపోయాయి. నెక్స్ట్ టైమ్ నేను ఒక్కదాన్నే కూర్చుంటే బెటర్" అంది.

ఏమనాలో తోచలేదు. నాన్న కోసం వెళ్తుందనుకున్న పిల్ల నాన్న అడ్డం అంటోంది. నా వాదన ఈ పిల్లకి సరిపోలేదు, ఒప్పుకుంటున్నాను. అందరు పిల్లలూ నాలా ఉండరు. ఉండేవాళ్లు మాత్రం చెప్పరు, అదే చిక్కు. ఫోన్ తిరిగి తీసుకున్నాక మేనల్లుడితో ఒక్కటే అన్నాను. ఎప్పుడైనా పిల్ల రానంటే, ఆ రోజు కూడా అంత పొద్దున్నే లేచి దాన్ని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్లు అని. "రానంటే నిద్రపోతుంది మావయ్యా, పదకొండింటిదాకా లేవదు" అని నవ్వాడు. ఎందుకన్నానో వాడికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

ఆ ఏడాది శివరాత్రి వెళ్లాక నాన్న మళ్లీ అడిగాడు, అదే అరుగు మీద, అదే మాట. జ్వరంగా ఉందన్నాను. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. వాళ్లు వెళ్లిపోయారు. తెల్లవారుజామున తలుపు చప్పుడైంది. ఏమీ దొరకలేదని అమ్మతో చెప్పడం వినపడింది. తర్వాత నా మంచం దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి తుపాకి మందు వాసన వేస్తోంది. నా ఒళ్లు చల్లగా ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాను.

"తగ్గిపోయిందిలే" అన్నాడు.

చెయ్యి తీసి, స్నానానికి వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ, ఎక్కడికీ, వస్తావా అని అడగలేదు.